సందేశం వద్దు, నడిచిన దారి చెప్పండి

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రెండో రోజు. ఏడో తరగతిలోకి వచ్చిన ఒక అమ్మాయి తండ్రి టీసీ కోసం వచ్చాడు. బరంపురంలో పట్టుచీరలు నేసే కుటుంబం వాళ్లది. ఆయన కూడా మా బడిలోనే ఏడో తరగతి దాకా చదివాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తప్పుగా అనుకోకండి మేస్టారూ. తెలుగులో చదివి పైకొచ్చినోళ్లని ఒక్కరిని చూపించండి, టీసీ అడగను" అన్నాడు.

నేను తడుముకోకుండా వి.వి. గిరి గారి పేరు చెప్పాను. మన ఊళ్లో పుట్టిన తెలుగువాడు రాష్ట్రపతి అయ్యారు కదా అన్నాను. ఆయన నవ్వాడు. "ఆయన లాయరుగారి అబ్బాయి మేస్టారూ. చదువుకోడానికి ఓడెక్కి వెళ్లారు. మాలాటోళ్ల సంగతి చెప్పండి. ఇప్పుడు, ఈ ఊళ్లో."

నా దగ్గర జవాబు లేదు. పద్దెనిమిదేళ్లుగా ఇదే బడిలో పాఠం చెబుతున్నాను. ఇక్కడ చదివి వెళ్లినవాళ్లు ఆస్పత్రుల్లో, రైల్వేలో, బ్యాంకుల్లో ఉన్నారని తెలుసు. వాళ్లలో ఒక్కరినైనా పిలిచి, "అక్కడిదాకా ఎలా చేరారు?" అని పిల్లల ముందు అడిగిన పాపాన పోలేదు. "దసరా దాకా ఆగండి. మనుషుల్నే చూపిస్తాను" అన్నాను. నా ముఖం చూసి మొహమాటపడి ఆగాడు.

అలా మొదలైంది మా బడిలో శనివారం 'మాటామంతీ'. నెలకు రెండుసార్లు, ఆఖరి పీరియడ్లో, మన ఊరి మనిషి ఒకరు వస్తారు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. ఇందులో మేం చేసిన తప్పులూ, నేర్చుకున్నవీ మిగతా ఊళ్లలోని మన బడులకు పనికొస్తాయేమోనని ఇది రాస్తున్నాను.

సందేశం అడిగితే సందేశమే వస్తుంది

మొదటి శనివారం ఒక రిటైర్డు అధికారిని పిలిచాం. మన ఊళ్లో పుట్టి పెద్ద హోదాలో పనిచేసినవారు. ప్రశ్నలు నేనే రాసిచ్చాను. మీ బాల్యం గురించి చెప్పండి, మీ విజయ రహస్యం ఏమిటి, విద్యార్థులకు మీరిచ్చే సందేశం ఏమిటి... అందరం ఎరిగిన ప్రశ్నలే.

ఆయన చాలా మంచివారు. యాభై నిమిషాలు మాట్లాడారు. క్రమశిక్షణ, కాలం విలువ, తల్లిదండ్రుల మాట, గురుభక్తి. వెనక బెంచీలో ఇద్దరు కునుకు తీశారు. ఆయన్ని రిక్షా ఎక్కించి వచ్చాక ఒక పిల్లాడు అడిగాడు: "మేస్టారూ, ఈయనకి ఫస్టు ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పనేలేదు కదా?"

నిజమే, చెప్పలేదు. తప్పు ఆయనది కాదు, మేం అడగలేదు. ఆయన ఎక్కిన శిఖరం మాకు ముందే తెలుసు. ఎక్కడ కాలు జారింది, ఎవరు చెయ్యందించారు అన్నవి తెలుసుకోడానికే ఆయన్ని పిలవాలి. ఆ వేళ నుంచి మా బడిలో 'సందేశం', 'విజయ రహస్యం' అన్న రెండు మాటలూ ప్రశ్నల్లో రాకూడదని పిల్లలే రూలు పెట్టుకున్నారు.

గిరి గారితో సాధన

మర్నాటి సోమవారం నుంచి ప్రశ్నలు అడగడం సాధన చేశాం. దీనికి గిరి గారినే ఎంచుకున్నాం. ఆయన ఎదురుగా కూర్చున్నారనుకుని పిల్లలు ప్రశ్నలు రాయాలి. జవాబులు ఆయన జీవితంలోంచి వెతికి తేవడం నా పని.

1894లో ఈ ఊళ్లో పుట్టారు, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతి, 1975లో భారతరత్న. పాఠ్యపుస్తకం తరహా జీవితం ఈ ఒక్క వాక్యంతో అయిపోతుంది. పిల్లల ప్రశ్నలు అక్కడ ఆగలేదు. చదువుకోడానికి లండన్ కాకుండా ఐర్లండు వెళ్లారేం? అక్కణ్నుంచి ఎందుకు వచ్చేశారు? లాయరై ఉండి రైలు కూలీల దగ్గరికెందుకు వెళ్లారు? ఎప్పుడైనా ఓడిపోయారా? పదవి వదులుకున్నారా?

వెతికితే జవాబుల్లో ఒక మనిషి కనిపించాడు. 1913లో డబ్లిన్‌కు న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఆయన్ని పట్టుకుంది. 1916 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. ఇంటికి తిరిగివచ్చి వకీలు పని మొదలుపెట్టి, అదీ వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి, అటునుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంలోకి వెళ్లారు. స్వతంత్ర భారతంలో కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. 1969లో ఉపరాష్ట్రపతి పదవి వదులుకుని, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు.

ఆ ఎన్నిక లెక్క బోర్డు మీద వేశాను. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో ఆయనతో సహా ఎవరికీ అంత రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపితే ఆయనకు వచ్చింది 4,20,077. తీసివేత పిల్లలే చేశారు. 1,908. "ఇంతేనా!" అని ఒక కుర్రాడు నోరు తెరిచాడు. అప్పటిదాకా గిరి గారంటే వాళ్లకు రోడ్డు పేరు. ఆ వేళ నుంచి, రెండుసార్లు పదవి వదులుకుని, మొదటి లెక్కింపులో చాలక, రెండో లెక్కింపులో గట్టెక్కిన మనిషి.

సలుపు వేరు, పోటు వేరు

తర్వాతి అతిథి ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సింగ్ సిస్టరుగా చేసి రిటైరైన ఒకావిడ. తండ్రి బట్టల కొట్లో గుమస్తా. ఏడు దాకా తెలుగు బడి, ఎనిమిది నుంచి ఒడియా మీడియం. ఈసారి ప్రశ్నలన్నీ పిల్లలవే.

"ఒడియా బడికి వెళ్లిన మొదటి రోజు ఏం జరిగిందమ్మా?"

"ఆబ్సెంటు పడింది. హాజరు పిలుస్తుంటే నా పేరు నాకే తెలియలేదు. నా పేరులో ఉన్న అకారాలన్నీ వాళ్ల నోట్లో ఒకారాలైపోయాయి."

పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆవిడా నవ్వారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. లెక్కలు బాగా వచ్చు, కానీ పుస్తకంలో అంకెలు ఒడియాలో ఉండేవి. తెలిసిన లెక్కే, తెలియని అంకెల్లో. తొమ్మిదిలో తప్పారు. తండ్రి ఇక చాలన్నాడు. తల్లి అప్పడాలు ఒత్తి అమ్మిన డబ్బుతో మళ్లీ ఫీజు కట్టింది.

"నర్సు అవమని ఎవరు చెప్పారు?"

"పక్కింటి ఒడియా అక్క ఆ ట్రైనింగులో ఉండేది. సెలవులకు వచ్చినప్పుడు నాకోసం ఒక ఫారం తెచ్చింది. తనే నింపింది. నేను సంతకం పెట్టాను, అంతే. ఆ ఫారం తేకపోతే నేనూ అప్పడాలే ఒత్తేదాన్నేమో."

"తెలుగు చదువు మీకు ఎక్కడైనా పనికొచ్చిందా?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత వార్డు సంగతి ఎత్తారు. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వైపు నుంచి రోగులు బరంపురం వస్తారని మనకు తెలుసు. ముసలివాళ్లకు తెలుగు తప్ప రాదు. డాక్టరు ఒడియాలోనో హిందీలోనో నొప్పా అని అడుగుతాడు. ఔనంటారు. ఎలాంటి నొప్పి?

"సలుపు వేరు, పోటు వేరు. మంట వేరు, తీపు వేరు. మెలిపెట్టడం వేరు, పట్టేయడం వేరు. అన్నింటినీ నొప్పి అని ఒక్క మాటలో చెప్పేస్తే డాక్టరుకి సగమే తెలుస్తుంది. ఒకరోజు ఒక ముసలామె గుండెల్లో పట్టేసినట్టుంది, ఎడమ చెయ్యి లాగేస్తోంది అంది. పక్కనున్నవాళ్లు గ్యాసు అన్నారు. నేను ఆమె మాటల్ని ఉన్నవి ఉన్నట్టు డాక్టరుగారికి ఒడియాలో చెప్పాను. ఈసీజీ తీయించారు. గుండె జబ్బే. బతికింది."

ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. "అయితే తెలుగు ఒక్కటే చాలదు కదమ్మా? ఒడియా రాకపోతే డాక్టరుకి చెప్పలేరు కదా?"

"చాలదు బాబూ. రెండూ ఉండబట్టే ఆ ముసలామెకు పనికొచ్చాను."

ఇన్నేళ్లుగా తల్లిదండ్రుల సమావేశాల్లో మాతృభాష గురించి నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ కలిపినా, ఈ మాటంత సూటిగా లేవు.

అడగకూడదనుకున్న ప్రశ్న

పీరియడు ముగుస్తుందనగా, టీసీ అడిగిన ఆ నేతగాడి కూతురే లేచింది. "మీ పిల్లలు ఏ మీడియంలో చదివారమ్మా?"

నేను ఆపబోయాను. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపారు. "ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే. నేను పడ్డ అవస్థ వాళ్లు పడకూడదనుకున్నాను. ఇప్పుడు ఫోన్లో తెలుగు బాగానే మాట్లాడతారు. నేను తెలుగులో మెసేజ్ పెడితే మాత్రం చదవలేరు."

అమ్మాయి కూర్చోలేదు. నా వైపు తిరిగింది. "మరి మీ అబ్బాయో మేస్టారూ?"

మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో అయిదు చదువుతున్నాడు. ఆ మాటే చెప్పాను. "నాకూ ఆవిడ భయమే" అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు.

స్టాఫ్ రూములో ఒకరిద్దరు తోటి ఉపాధ్యాయులు, పిల్లల్ని అలా అడగనివ్వకూడదు అన్నారు. నా అనుభవం వేరుగా ఉంది. ఆ మాట పిల్లల ద్వారా ఇళ్లకు చేరింది. నలుగురైదుగురు తల్లిదండ్రులు వచ్చి, దాపరికం లేకుండా తమ భయాలు చెప్పుకున్నారు. అంతకుముందు వాళ్లు నా దగ్గర తెలుగు గొప్పదనానికి తలూపి, ఇంటికెళ్లి వేరే బడి ఫారాలు నింపేవారు.

చీరలు నేసేవాళ్లు గొప్పవాళ్లా?

తర్వాతి అతిథిగా ఆ అమ్మాయి తన తాతగారి పేరు చెప్పింది. తరగతిలో పేచీ వచ్చింది. గొప్పవాళ్లని కదా పిలవాలి, చీరలు నేసేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు అన్నారు కొందరు. చివరికి ఒక పిల్ల తేల్చింది: "మనకి రాని పని ఆయనకి వచ్చు కదా, అడుగుదాం."

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉందనీ, అంచున గుడి గోపురాల్లా కనిపించే ఫోడా కుంభ దాని ఆనవాలనీ పిల్లలు ముందే చదువుకున్నారు. తాతగారు ఒక పాత చీర ముక్కా, ఒక నాడె పట్టుకొచ్చారు. పడుగు, పేక, అచ్చు ఏమిటో చూపించారు. పడుగులో పోగు తెగితే ఏం చేస్తారని అడిగారు పిల్లలు. "చూసిన చోటే ఆగి ముడెయ్యాలి. తర్వాత చూద్దాంలే అని నేసుకుపోతే చీర చివరిదాకా ఆ సందు వస్తది" అన్నారు.

అప్పుడు మనవరాలు అడిగింది. "తాతా, మా నాన్న ఏడుతో ఎందుకు ఆగిపోయాడు?"

ఆయన నాడెను చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. "ఎనిమిదిలో ఒడియా బడిలో వేశాను. రెండు నెల్లెళ్లి మానేశాడు. మగ్గం ఖాళీగా ఉంది, కూకోమన్నాను. ఎందుకు మానేశావురా అని నేను అడగలేదమ్మా. ఇప్పటిదాకా అడగలేదు."

ఆ అమ్మాయి తండ్రి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ముసలాయన్ని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆ మాట విన్నాడు. ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "అంకెలు తెలిసేవి కావు మేస్టారూ. బోర్డు మీద ఏం రాశారో అర్థమయ్యేది కాదు. మిగతా పిల్లలు నవ్వేవారు. అయ్యకి చెప్పడానికి సిగ్గేసింది" అన్నాడు.

జూన్‌లో ఆయన టీసీ అడిగింది తెలుగు మీద కోపంతో అనుకున్నాను. తెలుగు ఆయనకు బరువు కాలేదు. ఏడో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఉన్న గండంలో ఆయన పడిపోయాడు. కూతురు అదే గండం దగ్గరికి నడుస్తోంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఇన్నేళ్లలో ఆ గండం మీద నేను ఒక చెక్క కూడా వెయ్యలేదు.

ఇప్పుడు వేస్తున్నాం. సిస్టరమ్మగారు వారానికి ఒక గంట వచ్చి ఏడో తరగతికి ఒడియా అంకెలు, హాజరు, బోర్డు మీది మాటలు నేర్పుతున్నారు. పిల్లలు గోడ మీద మూడు వరుసల పట్టిక పెట్టారు: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. త్రిభుజం రెండు భాషల్లోనూ త్రిభుజమే. భిన్నం మాత్రం అక్కడ భగ్నాంశ. ఇలాంటివి వారానికి పది. పని చిన్నదే, కానీ ఎక్కడ చెయ్యాలో చెప్పింది ఆ శనివారం మాటలే.

అడగడమే చదువుగా బతికిన మేస్టారు

ఈ పనికి మన ప్రాంతంలోనే ఒక పెద్ద దారి ఉంది. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. అక్కడి రాజావారి బడిలో 1880లో ముప్పై రూపాయల జీతం మీద ఒక కుర్ర మేస్టారు చేరారు. ఆయనే గిడుగు రామమూర్తి. ఊరి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాష నేర్పే పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి అడిగి నేర్చుకున్నారు. సవర పిల్లలకు బళ్లు పెట్టించారు, పుస్తకాలు రాశారు, నిఘంటువు తయారుచేశారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి చేరారు.

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా మన బడుల్లో ఘనంగా చేస్తాం. దండ వేస్తాం, పద్యాలు చదువుతాం. ఈసారి మా బడిలో ఉపన్యాసాలు మానేసి, ప్రతి పిల్లా పిల్లవాడూ ఇంట్లో అందరికంటే పెద్దవారిని ఒక ప్రశ్న అడిగి, జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకురమ్మన్నాను. ముప్పై ఒక్క జవాబులు వచ్చాయి. చదువు ఆగిపోయిన చోటు గురించే ఎక్కువమంది చెప్పారు.

మీ బడిలో చెయ్యాలంటే

షోలాపూర్ పిల్లలకు ఈ గండం మరాఠీ రూపంలో, హోసూరు పిల్లలకు తమిళం రూపంలో, బళ్లారి పిల్లలకు కన్నడం రూపంలో ఉండొచ్చు. దాటినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మాకు అనుభవంలో తేలిన కొన్ని సంగతులు:

• అతిథికి ముందే చెప్పండి: ఉపన్యాసం వద్దు, పిల్లలు అడుగుతారు, అరగంట చాలు. శాలువా, దండ, వేదిక వద్దు. కుర్చీ పిల్లల మధ్యనే వెయ్యండి.

• ప్రశ్నలు పిల్లలే రాయాలి. ఉపాధ్యాయుడు అక్షరదోషాలు మాత్రమే దిద్దాలి.

• ఒకరు అడిగితే ఇద్దరు రాసుకోవాలి. అతిథి వాడిన మాట మార్చకూడదు. రాసింది అతిథికి చదివి వినిపించి, సరేనన్నాకే గోడ మీద అంటించాలి.

• జీతం, కులం, ఇంటి గొడవలు అడగవద్దు. చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో ఆపాలి.

• పెద్ద ఉద్యోగస్థులనే పిలవనక్కర్లేదు. పని బాగా తెలిసిన ఎవరైనా సరే.

మా పిల్లల పుస్తకంలో బాగా పండిన ప్రశ్నలు ఇవి: కొత్త బడిలో మొదటి రోజు ఏం జరిగింది? ఎప్పుడు మానేద్దామనుకున్నారు, ఎవరు ఆపారు? ఫీజు ఎవరు కట్టారు? ఈ పని ఉందని మీకు మొదట ఎవరు చెప్పారు? మీ పనిలో రోజూ వాడే మాటలు ఏమిటి? తప్పు చేశాక ఎలా సరిదిద్దుకున్నారు? మిమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న ఏమిటి?

దసరా తర్వాత

సెలవులయ్యాక ఆ తండ్రి మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. టీసీ ఊసు ఎత్తలేదు. ఎనిమిదికి వెళ్లేనాటికి తన కూతురికి బోర్డు మీది ఒడియా చదవడం వస్తుందా అని అడిగాడు. వచ్చేలా చూస్తామన్నాను. "ఏడు పూర్తవనివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. నేను గెలిచానని అనుకోవడం లేదు. ఒక ఏడాది గడువు దొరికింది.

పోయిన శనివారం మా అబ్బాయిని కూడా బడికి తీసుకెళ్లాను. ఆ రోజు అతిథి ఒక లైన్‌మన్. రాసుకోమని వాడికి పుస్తకమిచ్చాను. మాటలన్నీ అర్థమయ్యాయి, నవ్వాల్సిన చోట నవ్వాడు కూడా. తీరా చూస్తే పుస్తకంలో ఒకటిన్నర వాక్యం. ఆ నేతగాడి కూతురు పక్కకు జరిగి, తన పుస్తకం వాడి ముందు పెట్టి, ఒక్కో మాటా చెప్పి రాయించింది.